గంట వెనక్కి

సోమవారం. ఫోను మోగితే ఉలిక్కిపడి లేచాను. ఏడున్నర. అమ్మ.

"ఎనిమిదిన్నర అయిందిగా, ఇంకా లేవలేదా?"

తప్పు ఆమెది కాదు. నిన్న తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇన్నాళ్లూ లండన్‌కూ రాజమండ్రికీ నాలుగున్నర గంటల తేడా, ఇక మార్చి దాకా ఐదున్నర. అమ్మ మాత్రం భోజనం ముగించి ఒంటిగంటకు ఠంచనుగా చేస్తుంది.

మళ్లీ నిద్ర పట్టలేదు. ఎలిఫెంట్ అండ్ కాజిల్ నుంచి స్ట్రాండ్‌లోని కాలేజీకి 68 నంబరు బస్సెక్కితే 1.75 పౌండ్లు. ఎంత వద్దనుకున్నా మనసు దాన్ని రూపాయల్లోకి మార్చేస్తుంది. నడిస్తే అరగంట. వాన లేని రోజున బస్సెక్కడానికి నాకు చేతులు రావు. దారిలో సెయింట్ జార్జెస్ సర్కస్. సర్కస్ అంటే ఇక్కడ గుండ్రటి కూడలి అని అర్థం కావడానికి నాకు వారం పట్టింది. దాని నడుమ 1771 నాటి రాతి స్తంభం, వెస్ట్‌మినిస్టర్‌కు ఒక మైలని చెబుతూ. నడిచేవాళ్లను లెక్కలోకి తీసుకున్న రాయి.

వాటర్లూ వంతెన మీద మళ్లీ అమ్మ, ఈసారి వీడియోలో. కుడివైపు సెయింట్ పాల్స్ గుమ్మటం చూపించాను, ఎడమవైపు బిగ్ బెన్ చూపించాను. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఈ వంతెన పనిలో ఆడకూలీలే ఎక్కువని కూడా చెప్పాను. ఆమె చూపంతా కింద థేమ్స్ నది మీదే ఉంది. ఒడ్డున బారెడు బురద, పచ్చటి నాచు పట్టిన రాళ్లు, ఒక మునిగిన టైరు.

"నీళ్లేవే? ఎగువన గేట్లు మూశారా?"

ధవళేశ్వరం గేట్ల లెక్క వింటూ పెరిగిన మనిషి. గేట్లు కాదు, సముద్రపు పాటు అన్నాను. లండన్ బ్రిడ్జి దగ్గర నీటి మట్టం ఏడు మీటర్ల దాకా పెరిగి తగ్గుతుందని, మధ్యాహ్నానికి నిండుతుందని చెప్పాను.

"రోజూనా?"

"రోజుకు రెండుసార్లు."

"నదికి అదేం ఖర్మ! యానాం దగ్గర గోదారి ఇలాగే ఉప్పుపోటు మీద ఉంటుందని మీ తాతయ్య అనేవారులే."

రెండున్నరకు క్లాసు వదిలాక వంతెన దాకా వచ్చాను. బురద లేదు, టైరు లేదు. గోడను తాకుతూ గోధుమరంగు నీళ్లు. ఫొటో పంపాను. వెంటనే జవాబు: నాన్న నమ్మడం లేదట, అవి రెండు వేర్వేరు నదులట. దాని కిందే ఇంకొకటి: రేపటి నుంచి రెండింటికి చేస్తానని.

చూడాలి. అలారం మాత్రం ఏడున్నరకే పెట్టుకున్నాను.