డప్పు కాగితేనే ఆల్బమ్

మా హనుమకొండ పోరగాళ్ల బ్యాండ్ ఆల్బమ్ మాస్టరింగ్‌కి, అంటే విడుదలకు ముందు చివరి మెరుగుకి, వెళ్లిందని తెలిసినప్పటి నుంచి ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు, ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ ప్లగిన్లు వాడావని. గది గురించి గానీ, డప్పు గురించి గానీ ఒక్కరూ అడగరు. నా లెక్కలో ఆల్బమ్ సగం అక్కడే తేలిపోతుంది.

మేడ మీది గదిలో చప్పట్లు కొడితే గోడలు తిరిగి చప్పట్లు కొట్టేవి. కొత్తవాడ జంపఖానాలు, అదే 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చినవి, గోడకు అంటకుండా జానెడు ఎడంగా వేలాడదీశాం. మోత తగ్గింది. బేస్ మాత్రం మూలల్లో అలాగే గుమ్మని నిలబడింది. 100 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవే దాదాపు మూడున్నర మీటర్లు, అది బట్ట మందానికి ఎక్కడ ఆగుతుంది? పత్తికి కరువు లేని ఊరు కాబట్టి పాత పరుపులు చుట్టలు చుట్టి మూలల్లో నిలబెట్టాం, కొంత నయం.

ఇక డప్పు. నిప్పు సెగకు తోలు బిగుసుకుంటే ఖంగుమంటుంది, వాయిస్తుంటే మెల్లగా సడలుతుంది, వానాకాలమైతే ఇంకా తొందరగా. సభలో ఇది ఎవరికీ పట్టదు. రికార్డింగ్‌లో మాత్రం మొదటి టేక్ చరణానికి మూడో టేక్ పల్లవి అతికిస్తే డప్పే మారిపోయినట్టు తెలిసిపోతుంది, ఎందుకంటే శ్రుతి దిగిపోయి ఉంటుంది. అందుకే ముక్కలు ముక్కలుగా కాకుండా పాట మొత్తం ఒక్క ఊపులో వాయించాలని ముందే అనుకున్నాం. పాట అయిపోగానే డప్పు వాయించే మావాడు "అన్నా, మళ్ల కాపాలె" అని పైన డాబా మీదికి పోయేవాడు, వరిగడ్డి మంట వేసి డప్పు తిప్పుతూ వేలితో తట్టి చూసుకునేవాడు, మేం కింద చాయ్ తాగేవాళ్లం. ఆ ఖాళీని టైమ్ వేస్ట్ అనుకునేవాళ్లు డప్పు జోలికి రాకపోవడమే మంచిది.

మైకులు రెండు పెట్టాం. ముందు గట్టి దెబ్బలకు తట్టుకునే డైనమిక్ మైకు ఒకటి, సిర్ర (వాయించే కర్ర) దెబ్బ కోసం. వెనక ఒకటి, లోపలి గుమ్మదనం కోసం. దెబ్బ పడ్డప్పుడు తోలు ఒక మైకు నుంచి దూరం జరిగి రెండోదాని వైపు వస్తుంది కాబట్టి రెండూ కలిపితే కింది శబ్దం ఒకదాన్నొకటి తినేస్తుంది. వెనక ట్రాక్ పోలారిటీ తిప్పగానే, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయగానే, డప్పు ఒళ్లు విరుచుకుంది. లెవెల్స్ అయితే అన్నిటికంటే గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డీబీ దగ్గరే ఉండేలా పెట్టాం, చిన్న శబ్దాన్నీ శుభ్రంగా పట్టే 24 బిట్ రికార్డింగ్‌లో ఎరుపు గీత దాకా నెట్టాల్సిన పనే లేదు. కాజీపేట వైపు నుంచి రైలు కూత వస్తే ఆగేవాళ్లం, ఒక పాటలో మాత్రం శ్రుతిలో కలిసిందని ఉంచేశాం!

మిక్సింగ్‌లో పెద్ద గొడవ బేస్ గిటార్‌కీ డప్పుకీ. రెండూ ఒకే చోట కూర్చుంటాయి. బేస్‌లో 150 హెర్ట్జ్ చుట్టూ కొంచెం తగ్గించి అక్కడ డప్పుకి చోటిచ్చాను, ఆ తర్వాత సౌండ్ బాగా తగ్గించి, ఫోన్ స్పీకర్లో విని పాటలో గొంతు ఎంత వినిపిస్తుందో సరిచూసుకున్నాను.

మాస్టరింగ్ హైదరాబాద్‌లో వేరే మనిషికి ఇచ్చాం, ఎందుకంటే ఇన్నాళ్లు విన్న నా చెవులకు ఇప్పుడేదైనా బాగానే ఉంటుంది. గిటార్ తమ్ముడికేమో మన పాట అందరికంటే గట్టిగా మోగాలని. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది, మనం మైనస్ 8కి పిండి పంపితే అది ఆరు డీబీ దించేస్తుంది, మనకు మిగిలేది పదును పోయిన డప్పు దెబ్బే అని చెప్తే ఒప్పుకున్నాడు, మొహం మాత్రం మాడ్చుకున్నాడు. ఆల్బమ్ వరుసగా వింటే పాటల మధ్య హెచ్చుతగ్గులను అది అలాగే ఉంచుతుంది, కాబట్టి ఆల్బమ్‌లో మెత్తగా సాగే జోలపాటను పెంచమని కూడా అడగలేదు.

ఇప్పుడు ఆ జోలపాట మొదట పెట్టాలా చివర పెట్టాలా అన్న పంచాయితీ నడుస్తోంది. నా ఓటు మొదటికే.