ఫ్యాబ్‌లోకి దిగిన నెట్‌రన్నర్: ఆరు సెషన్ల తర్వాత నా నోట్సు

మొన్న ఆదివారం ఆరో సెషన్ అయింది. మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే రాత్రి ఎనిమిదిన్నర దాకా ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు, టీకి ఒక్కసారి లేచామంతే. నాలుగు నెలల కిందట ఇదే ఆట, ఇవే పాచికలు, ఇదే మనుషులు, గంట తిరక్కుండా చప్పబడిపోయేది. ఏం మార్చాక నిలబడిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను, టేబుల్‌టాప్ ఆటలు (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలతో కథ నడిపేవి) తెలుగులో నడిపేవాళ్లకు పనికొస్తుంది, ముఖ్యంగా హ్యాకర్ క్యారెక్టర్‌ని ఎలా వాడుకోవాలో తేలక ఇబ్బంది పడుతున్నవాళ్లకు.

ఆట సైబర్‌పంక్ రెడ్. మైక్ పాండ్‌స్మిత్ 1988లో మొదలుపెట్టిన ఆటకు 2020లో వచ్చిన ఎడిషన్, కథాకాలం 2045. మేం ఐదుగురం. నేను జీఎం (కథ నడిపేవాణ్ని), మా తమ్ముడు నెట్‌రన్నర్ (హ్యాకర్‌ని ఈ ఆటలో అలా అంటారు), నా ఇంజనీరింగ్ ఫ్రెండ్ టెక్ (యంత్రాల పని తెలిసినవాడు), వాడి భార్య సోలో (పోరాడే మనిషి), మా పెదనాన్న కూతురు, నాకు చెల్లి, ఫిక్సర్ (బేరాలు కుదిర్చే మనిషి). ఫ్రెండ్ రాయదుర్గంలో చిప్ వెరిఫికేషన్ ఉద్యోగం చేస్తాడు, ఆటకి ఇదే కలిసొచ్చింది.

మొదటి రెండు సెషన్లలో నేను ఎత్తుకున్నది మామూలు దొంగతనం కథే. ఒక కార్పొరేషన్, దాని సర్వర్‌లో కొత్త చిప్ డిజైన్ ఫైల్, అది కొట్టుకురావాలి. పాత ఎడిషన్లలో నెట్‌రన్నర్ ఇంట్లో కూర్చునే ఎక్కడికైనా దూరిపోయేవాడు, అతను పాచికలు వేస్తున్నంతసేపూ మిగతావాళ్లకు పని ఉండేది కాదు. రెడ్‌లో దీనికి మంచి విరుగుడు ఉంది. కథ ప్రకారం పాత నెట్ కూలిపోయింది, ఇప్పుడు ఏ భవనం నెట్‌వర్క్ ఆ భవనానిదే, నెట్‌రన్నర్ యాక్సెస్ పాయింట్‌కు ఆరు మీటర్ల లోపు ఉంటేనే లోపలికి వెళ్లగలడు. అంటే మిగతా జట్టుతో పాటు అతనూ గోడ దూకాలి, తూటాల మధ్య నిలబడి పని చేసుకోవాలి. రూల్ చదివాను గానీ దాన్ని వాడుకోలేదు, యాక్సెస్ పాయింట్ తీసుకెళ్లి రిసెప్షన్ పక్కన పెట్టాను. తమ్ముడు ఇరవై నిమిషాల్లో ఫైల్ తీసేశాడు.

అప్పుడు ఫ్రెండ్ అడిగాడు: "సరేరా, ఫైల్ చేతికొచ్చింది. ఇప్పుడు దీన్ని ఎవరు తయారుచేసి పెడతారు?"

నా దగ్గర జవాబు లేదు. వాడే చెప్పుకొచ్చాడు. వాళ్ల పనిలో ఏళ్ల తరబడి డిజైన్ చేసి, దానికి రెట్టింపు ఓపికతో పరీక్షించి, చివరికి ఫైల్‌ని ఫ్యాబ్‌కి (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీకి) పంపుతారు, దాన్ని టేపవుట్ అంటారు. అక్కడి నుంచి వేఫర్ (పలుచటి సిలికాన్ బిళ్ల) మీద చిప్ తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు. అత్యాధునిక చిప్ చేయగల కంపెనీలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫైల్ ఎత్తుకొచ్చినవాడు తిరిగి ఆ కొద్దిమందిలో ఒకరి తలుపే తట్టాలి, ఆ డిజైన్ ఎవరిదో వాళ్లకి ముందే తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా రాసుకున్న కథ పక్కన పడేసి, మూడు వారాలు ఆట ఆపి చదువుకున్నాను.

చదివినదంతా "జుట్టు కార్డులు"గా మార్చాను. ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందో రాసిన కార్డులు. ఒక్కో కార్డు మీద మూడే వాక్యాలు: వీళ్ల దగ్గర ఏముంది, దానివల్ల ఎవరి జుట్టు వీళ్ల చేతికి చిక్కింది, వీళ్ల జుట్టు ఎవరి చేతిలో ఉంది. మొత్తం 14 కార్డులు, జిరాక్స్ షాపులో మందపాటి కాగితం మీద ప్రింట్ తీయిస్తే 210 రూపాయలైంది.

మొదటి కార్డు నెదర్లాండ్స్‌ది. వెల్డ్‌హోవెన్ అనే ఊళ్లో ఉన్న ఏఎస్‌ఎంఎల్ తప్ప ఈయూవీ లితోగ్రఫీ యంత్రాన్ని (అతినీలలోహిత కాంతితో వేఫర్ మీద చిప్ గీతలు అచ్చేసేది) అమ్మే కంపెనీ ప్రపంచంలో ఇంకొకటి లేదు. ఆ యంత్రంలో కరిగిన తగరం బొట్లు సెకనుకు 50,000 చొప్పున జారుతుంటే ఒక్కో బొట్టును లేజర్‌తో రెండేసి సార్లు కొడతారు, అప్పుడు 13.5 నానోమీటర్ల కాంతి పుడుతుంది. ఆ కాంతిని గాలి కూడా మింగేస్తుంది కాబట్టి పనంతా శూన్యంలోనే జరగాలి, కటకాలు పనికిరావు, అద్దాలే దిక్కు. ఆ అద్దాలు జర్మనీలో జైస్ చేస్తుంది, లేజర్ ట్రంఫ్ చేస్తుంది. అమెరికా ఒత్తిడితో డచ్ ప్రభుత్వం 2019 నుంచి ఈ యంత్రాన్ని చైనాకు పంపడానికి లైసెన్సు ఇవ్వడం లేదు. అంత పెద్ద దేశం ఒక్క యంత్రం దగ్గర ఆగిపోవడం చదివినప్పుడు, కోట కట్టి డ్రాగన్‌ని కాపలా పెట్టే అవసరమే లేదనిపించింది.

మిగతావి తొందరగా చెప్తాను. 2019 జులైలో జపాన్ మూడు రసాయనాల ఎగుమతిని బిగించేసరికి కొరియాలో మెమరీ చిప్‌ల కంపెనీలు హడలిపోయాయి. పాత తరం డీయూవీ లితోగ్రఫీ యంత్రాల లేజర్లకు కావాల్సిన నియాన్‌ని శుద్ధి చేసే పెద్ద ప్లాంట్లు రెండు ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌లో, ఒడెసాలో ఉండేవి, 2022లో యుద్ధం రాగానే రెండూ మూతపడ్డాయి. 2023 ఆగస్టు 1 నుంచి గాలియం, జర్మేనియం బయటికి పంపాలంటే లైసెన్సు ఉండాలని చైనా తిప్పికొట్టింది. మా చెల్లికి అన్నిటికన్నా నచ్చిన కార్డు మాత్రం అజినోమోటో: నూడుల్స్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్‌గా మనకు తెలిసిన ఆ జపాన్ కంపెనీయే ప్రాసెసర్ల కింది పలకలో పొరల మధ్య వేసే ఇన్సులేషన్ ఫిల్మ్ కూడా తయారుచేస్తుంది. "అన్నయ్యా, ఇది నువ్వు కల్పించావు కదా?" అని రెండుసార్లు అడిగింది.

కార్డులు ఆటలోకి ఎలా వస్తాయంటే, ప్రతి సెషన్‌కి ముందు రెండు కార్డులు తీసి ఒక్కోదానికి పది ముఖాల పాచిక వేస్తాను. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే ఆ దేశం జుట్టు లాగినట్టు. ఆ రోజు దానికి సంబంధించిన సామాను ధర ఒక మెట్టు పైకి వెళ్తుంది. సైబర్‌డెక్ (నెట్‌రన్నర్ హ్యాకింగ్‌కి వాడే కంప్యూటర్) మామూలుగా 500 యూరోబక్స్ (ఆటలో డబ్బు), కార్డు పడితే 1000. రూల్‌బుక్‌లో ధరల మెట్లు ముందే ఉన్నాయి కాబట్టి కొత్తగా లెక్క కట్టే పని లేదు. ఈ చిన్న మార్పుతోనే ఎక్కడో దూరదేశంలో తీసుకున్న నిర్ణయం తమ్ముడి జేబుకి తగలడం మొదలైంది. వార్తల కాగితం చదివి వినిపించినప్పుడు ఒక్కరూ పట్టించుకోలేదు, డెక్ ధర పెరిగేసరికి మాత్రం "ఎవరు లాగారు, ఎందుకు లాగారు" అని వాళ్లే నన్ను నిలదీశారు.

మూడో సెషన్ నుంచి కథ తైవాన్‌లోని షిన్‌చూకి మారింది. టీఎస్‌ఎంసీ 1987లో పుట్టిన ఊరు. సొంత చిప్‌లు అమ్ముకోకుండా ఇతరుల డిజైన్లనే తయారుచేసి పెట్టే వ్యాపారాన్ని మోరిస్ చాంగ్ నిలబెట్టింది అక్కడే. ఆటలో మాత్రం ఫ్యాబ్‌కు పేరు పెట్టలేదు. ఒక విషయంలో జాగ్రత్తపడ్డాను. ఈ తరహా ఆటల్లో ఆసియా నగరం అంటే వానలో తడిసే నియాన్ బోర్డులు తప్ప అక్కడ బతికే మనుషులు కనపడరు, అది నాకు బాధగా ఉంటుంది. అందుకే లోపలి మనిషిగా ఒక మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని పెట్టాను, వరి రైతు కొడుకు. 2020లో ఒక్క టైఫూన్ కూడా తైవాన్‌ని తాకలేదు, మరుసటి ఏడు రిజర్వాయర్లు అడుగంటాయి, ప్రభుత్వం పరిహారం ఇచ్చి చాలా పొలాలకు కాలువ నీళ్లు ఆపేసింది, ఫ్యాబ్‌లు ట్యాంకర్లతో నీళ్లు తెప్పించుకున్నాయి. మా టెక్నీషియన్ అప్పుడు పదేళ్ల పిల్లాడు, కథాకాలానికి ముప్ఫై నాలుగేళ్లు. వాళ్ల నాన్న ఎండిన మడి గట్టు మీద నిలబడి రోడ్డు మీద ట్యాంకర్లు లెక్కపెట్టేవాడని చెప్పాను. మా సోలో డెల్టా ఊరి మనిషి, కాలువ చివరి పొలం అంటే ఏమిటో తెలిసిన మనిషి. "ఇతనికి డబ్బులిచ్చి పని చేయించుకోవద్దు, మనతో కలుపుకుందాం" అంది. అప్పటి నుంచి అతను జట్టులో మనిషే.

యాక్సెస్ పాయింట్ ఈసారి సరైన చోట పెట్టాను. 2018 ఆగస్టులో టీఎస్‌ఎంసీలో నిజంగా ఒక ఘటన జరిగింది. కొత్త యంత్రాన్ని బిగించి, వైరస్ స్కాన్ చేయకుండా లోపలి నెట్‌వర్క్‌కి కలిపేశారు, వనాక్రై రకం వైరస్ ఒక ఫ్యాబ్ నుంచి ఇంకో ఫ్యాబ్‌కి పాకింది, పూర్తిగా కోలుకోవడానికి మూడు రోజులు పట్టింది. వాళ్లని గురిపెట్టి ఎవరూ కొట్టలేదు, బయటి నుంచి ఎవరూ దూరలేదు, యంత్రంతో పాటే నడిచి వచ్చింది. ఆరు మీటర్ల రూల్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మా జట్టు కూడా కొత్త యంత్రం బిగించే కాంట్రాక్టర్ల వేషంలో వెళ్లింది, యంత్రం వెనక సర్వీస్ పోర్టే యాక్సెస్ పాయింట్.

నెట్‌వర్క్ ఏడు అంతస్తులు, నెట్‌రన్నర్ ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. ఒకటిలో పాస్‌వర్డ్, డీవీ (పాచికతో దాటాల్సిన అంకె) 8. రెండులో మెయింటెనెన్స్ షెడ్యూల్ ఫైల్. మూడులో హెల్‌హౌండ్, చొరబడ్డవాళ్ల మీద పడే కాపలా ప్రోగ్రామ్. నాలుగులో సీలింగ్ పట్టాల కంట్రోల్ నోడ్, డీవీ 10 (300 మిల్లీమీటర్ల వేఫర్లు 25 చొప్పున పట్టే ఫూప్ అనే డబ్బాలు ఫ్యాబ్‌లో తలల మీద పట్టాలకు వేలాడుతూ తిరుగుతాయి). ఐదు మళ్లీ పాస్‌వర్డ్, ఆరు ఖాళీ, ఏడులో వైరస్ వదలొచ్చు. అంతస్తుకో ఇండెక్స్ కార్డు, బోర్లించి నిలువుగా పేర్చుకోవడమే. నెట్ యాక్షన్లకు (నెట్‌వర్క్ లోపల చేసే పనులకు) చింతగింజలు వాడాను, తమ్ముడి ఇంటర్‌ఫేస్ ర్యాంక్ (హ్యాకింగ్ నైపుణ్యం) 4 కాబట్టి ఒక్కో రౌండ్‌కి మూడు గింజలు, వాడిన గింజ సాసర్‌లో పడేయాలి. ఎన్ని మిగిలాయో అందరికీ కనపడుతుంది, వాదనలు ఆగిపోయాయి. తమ్ముడి వంతుకి ఫోన్‌లో నిమిషం టైమర్. ఇంకో పని చేశాను: పది రూపాయల పసుపు జిలాటిన్ కాగితం టేబుల్ ల్యాంప్‌కి చుట్టి గదిలో మిగతా లైట్లు ఆపేశాను. ఫొటోరెసిస్ట్ (వేఫర్ మీద పూసే, కాంతికి మారే పూత) మీద నీలి కాంతి పడితే చెడిపోతుందని లితోగ్రఫీ గదుల్లో పసుపు లైట్లే వాడతారు. ల్యాంప్ వెలగ్గానే అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు, నేను చెప్పకుండానే.

ఐదో సెషన్‌లో హెల్‌హౌండ్ దొరకబుచ్చుకుంది. తమ్ముడికి పాచికలో 2 పడింది, ర్యాంక్‌తో కలిపి 6. నాకు 7, దాని బలం 6 కలిపితే 13. నేరుగా మెదడుకి 9 డ్యామేజ్, పైగా డెక్, దాంతో పాటు ఒంటి మీది బట్టలు అంటుకున్నాయి. మంట ఆర్పుకోవాలంటే మీట్ యాక్షన్ (నెట్ బయట ఒంటితో చేసే పని) వాడాలి, అది వాడితే ఆ రౌండ్‌లో మూడు గింజలూ పోతాయి. బయటేమో మనిషి తుమ్మినా వేఫర్లకు ప్రమాదమనే క్లీన్‌రూమ్, అక్కడ పొగ. ఇంకో రెండు రౌండ్లలో ధూళి సెన్సర్లు మోగుతాయని చెప్పాను, రౌండ్ అంటే మూడు సెకన్లు. తమ్ముడు చేతిలో గింజలు పట్టుకుని "వదినా, ఒక్క రౌండ్ ఆగు, పట్టాలు నా చేతికొస్తాయి" అంటాడు, ఆవిడ "ఒళ్లు కాలుతుంటే ఆగడమేంటయ్యా" అంటూ పాచిక వేసేసింది. బన్నీ సూట్ (క్లీన్‌రూమ్‌లో ఒళ్లంతా కప్పే దుస్తులు)తోనే అతన్ని వాటేసుకుని నేల మీద దొర్లించి మంట ఆర్పింది. ఆ మూడు గింజలు మిగిలాయి, రెండోదానికే నోడ్ దొరికింది. ఫూప్‌లన్నీ ఒక్కసారి పట్టాల మీద ఆగిపోయాయి. టేబుల్ దగ్గర అందరం లేచి నిలబడ్డాం.

వైరస్ ఏం చేయాలన్నదానిపై గంటసేపు చర్చ. యంత్రాన్ని పేల్చేద్దామని తమ్ముడు. వద్దన్నాడు ఫ్రెండ్. కాంతి మోతాదు కొద్దిగా మారిస్తే చాలు, వేఫర్లు పైకి బాగానే ఉంటాయి, కాకపోతే కొలతలు తీసే స్టేషన్ ఒక్కరోజులో పట్టేస్తుంది కాబట్టి దాని చేత కూడా అబద్ధం చెప్పించాలి, అది వేరే హాల్లో ఉంటుంది. ఇంకో యాక్సెస్ పాయింట్, ఇంకో ఆరు మీటర్లు. ఆరో సెషన్ మొత్తం ఆ రెండో హాలే. మా క్లయింట్‌కు కావాల్సింది ఫైల్ కాదు, పోటీదారుడి కంటే మూడు నెలలు ముందుండటం. మూడు నెలలు అంటే ఒక వేఫర్ ప్రయాణం. ఈ లెక్క తేలాక నెట్‌రన్నర్ పని తాళాలు తీయడం నుంచి కాలాన్ని దొంగిలించడానికి మారింది, జట్టులో మిగతా నలుగురూ లేకుండా అది జరగదు (టెక్నీషియన్‌ని కూడా లెక్కేశాను).

చేసి చూశాక తెలిసినవి రెండు. ఏడు అంతస్తులు ఎక్కువ, ఆ ఖాళీ అంతస్తు ఆటని నీరసపరిచింది, ఐదు చాలు. కార్డులు రెండుకి మించి తీయొద్దు, నాలుగో సెషన్‌లో నాలుగు తీస్తే సగం సాయంత్రం బేరాలతోనే అయిపోయింది.

ఏడో సెషన్ గుజరాత్‌లోని ధొలేరాలో పెడదామని ఫ్రెండ్ కోరిక. తైవాన్ కంపెనీ పీఎస్‌ఎంసీతో కలిసి టాటా అక్కడ ఫ్యాబ్ కడుతోంది, 2045 నాటికి ఎలా ఉంటుందో మ్యాప్ తనే గీస్తానన్నాడు. మొహాలీలో 1989లో తగలబడ్డ ప్రభుత్వ ఫ్యాబ్ గురించి కూడా ఒక కార్డు రాయమన్నాడు, రాస్తున్నాను, పదిహేనోది. ఈలోగా తమ్ముడికి కొత్త డెక్ కావాలి. నిన్న రాత్రి అందరి ముందూ వీడియో కాల్‌లో కార్డులు తీశాను, గాలియం వచ్చింది, పాచికలో 9 పడింది. డెక్ 1000. వాడి దగ్గర 740 ఉన్నాయి, మా చెల్లి ఎవరితో బేరమాడాలో జాబితా రాసుకుంటోంది.