56 దగ్గర గీత

మంగళవారం, రాత్రి పదిన్నర.

వారం రోజులుగా స్క్రీన్ మీద నన్ను వెంటాడిన గీత ఈ రోజు పోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ, ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

నేను పనిచేసేది అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో, అద్దాల మధ్య లేజర్ కాంతిని నడిపి అంతరిక్షం నుంచి వచ్చే గురుత్వ తరంగాలను పట్టే లైగో (LIGO) డిటెక్టర్ దగ్గర. ఇక్కడ మంగళవారం మెయింటెనెన్స్ రోజు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా డిటెక్టర్ ఆపి, లోపల పనులు చూసుకుంటాం. పోయిన మంగళవారం పని ముగించి డిటెక్టర్‌ని మళ్ళీ నిలబెట్టగానే, అంటే అద్దాలూ లేజరూ కుదిరి పని మొదలవగానే, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వణుకుందో చూపే స్పెక్ట్రమ్‌లో 56 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 56 ఊపుల దగ్గర, సన్నగా ఒక గీత లేచి ఉంది. ఆ ముందు రోజు లేదు. 2015 సెప్టెంబర్ 14న ఇక్కడా, లూసియానాలోని లివింగ్‌స్టన్‌లోనూ దొరికిన మొట్టమొదటి సిగ్నల్ సెకనులో ఐదో వంతు కాలంలో 35 హెర్ట్జ్ నుంచి 250 దాకా ఎగబాకింది. నా గీత సరిగ్గా ఆ దారిలోనే నిలబడింది. ఎక్కడో రెండు కృష్ణబిలాలు కలిసిపోయిన కబురు కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వస్తే, గుమ్మంలో ఈ చెత్త అడ్డం ఉండటం నాకు ప్రాణం ఒప్పలేదు.

కరెంటు వల్ల వచ్చే గీత 60 దగ్గర మేకు కొట్టినట్టు కదలకుండా ఉంటుంది. ఇది మాత్రం కాస్త అటూ ఇటూ జరుగుతోంది. అంటే ఎక్కడో ఏదో తిరుగుతోందన్నమాట, నిమిషానికి దాదాపు 3,360 చుట్లు. నాలుగు రోజులు ఏసీ ఫ్యాన్ల మీదే అనుమానపడ్డాను. వాటి దగ్గరి సెన్సర్లలో 56 అసలు లేదు. గాలేమో అనుకుందామంటే, ఈ ఎడారి గాలి వీచినప్పుడు లేచేది తక్కువ ఫ్రీక్వెన్సీ ఊగులాట. సముద్రపు అలల వణుకు ఇంకా కిందే ఉంటుంది, సెకనుకు సగం ఊపు కూడా ఉండదు. వణుకును కొలిచే ఒక్కో అక్సెలరోమీటర్‌నీ, మైక్రోఫోన్‌నీ డిటెక్టర్ మెయిన్ సిగ్నల్‌తో పోల్చి చూస్తూ పోతే, నిన్న రాత్రి ఒకటి దొరికింది. మధ్య హాల్లో, ఒక వాక్యూమ్ ఛాంబర్ గోడకు అంటించిన అక్సెలరోమీటర్. రెండింటిలోనూ ఒకటే గీత, ఒకేలా జరుగుతోంది.

గోడ వణికితే ఏమవుతుందని నన్ను చాలామంది అడుగుతారు. డిటెక్టర్ అద్దం గోడకు తగిలి లేదు కదా! నిజమే. 40 కిలోల అద్దం, అర మిల్లీమీటరు కూడా లేని నాలుగు గాజు పోగుల మీద, ఒకదాని కింద ఒకటిగా నాలుగు లోలకాల అడుగున వేలాడుతుంది. నేల వణుకు అక్కడికి చేరేసరికి దాదాపు ఏమీ మిగలదు. చిక్కు వెలుగుతో వస్తుంది. చిన్నప్పుడు వాకిట్లో గంగాళంలో నీళ్ళు పెడితే, ఎండ పడి వరండా కప్పు మీద వెలుగు ఆడేది. ఎవరైనా పక్కనుంచి నడిచినా కప్పు మీద అది చెదిరేది. ఇక్కడా అంతే. లేజర్ కాంతిలో రవ్వంత దారి తప్పి, ఛాంబర్ గోడను తాకి, ఆ గోడ వణుకును మోసుకుని వెనక్కొచ్చి అసలు కాంతిలో కలుస్తుంది. ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కన్నా చిన్న కదలికను పట్టే పరికరానికి ఆ రవ్వంత చాలు.

పొద్దున లేజర్ గాగుల్స్, షూ కవర్లు వేసుకుని, చేతిలో పట్టుకునే అక్సెలరోమీటర్‌తో లోపలికి వెళ్ళాను. నేల మీద, కేబుల్ ట్రే కాళ్ళ మీద, ర్యాకుల మీద ఒక్కోచోట ఆనించి హెడ్‌ఫోన్‌లో విన్నాను. ట్రే వెంట నడుస్తుంటే మూలుగు పెరిగింది. మూడో కాలు దాటి మలుపు తిరిగితే అక్కడ చక్రాల బండి, దాని మీద కంప్యూటర్, ఆన్‌లోనే ఉంది. వెనక చిన్న ఫ్యాను తిరుగుతోంది. బండి అంచు ట్రే కాలికి ఆనుకుని ఉంది. ట్రే ఛాంబర్ దాకా వెళ్తుంది.

ఆ బండి నాదే. పోయిన మంగళవారం కేబుల్ పరీక్షలకు నేనే తెచ్చి, ప్లగ్ పీకకుండా వదిలేశాను. కాసేపు అక్కడే నిలబడిపోయాను. తర్వాత బండిని నాలుగు వేళ్ళు వెనక్కి లాగాను. హెడ్‌ఫోన్‌లో మూలుగు సగానికి పైగా తగ్గింది. ప్లగ్ పీకాక పూర్తిగా పోయింది.

మధ్యాహ్నం గాలి రేగి, డిటెక్టర్ రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పడిపోయింది. మూడింటికి గానీ కుదరలేదు. స్క్రీన్ మీద 56 దగ్గర నున్నగా ఉంది. లాగ్‌లో అంతా రాశాను, బండి ఎవరిదో కూడా.

ఈ చోటికి 2017 వేసవి కథ ఒకటుంది. డిటెక్టర్‌లో లేజర్ నడిచే రెండు పొడవాటి చేతుల్లో ఒకటైన వై చేయి చివర ఏదో టకటక వినిపిస్తే వెళ్ళి చూశారు. నైట్రోజన్ పైపు మీద పేరుకున్న మంచు మీద ముక్కు గాట్లు! దాహమేసిన బొంత కాకులు మంచు పొడుచుకు తింటున్నాయి. పైపుకు తొడుగు వేశారు. అదంటే నాకెంత ఇష్టమో! చెవి పెట్టి, నడిచి వెళ్ళి, గాట్లు చూసి పట్టుకున్నారు.

రాత్రి ఏడింటికి నాన్నకు ఫోన్ చేశాను, తెనాలిలో అప్పుడే షాపు తీస్తున్నారు. మోటార్ వైండింగ్ పనిలో ఆయనకు నలభై ఏళ్ళు. బేరింగ్ అనుమానం వస్తే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన మోటార్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటారు. చిన్నప్పుడు నాకూ వినిపించేవారు. జరిగిందంతా చెప్తే, "ట్రే కాలికి తగిలింది కాబట్టే దొరికిందమ్మా," అన్నారు. "తగలకుండా పక్కన పెట్టి ఉంటే ఇంకో నెల తిరిగేదానివి."

నిజమే. రేపు ఆ హాల్లో ఆన్‌లో ఉండి, దేనికీ తగలకుండా ఉన్నవి ఎన్నున్నాయో జాబితా రాయాలి.