అమ్మ నడుం నొప్పి, మైలోమా, నా అనుభవం

అమ్మకి మైలోమా, అంటే ఎముక మూలుగలో వచ్చే రక్త క్యాన్సర్. మందుల నాలుగో సైకిల్ (విడత) అయింది. రిపోర్టులో ఎం ప్రోటీన్ (ఆ క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలేది) బాగా తగ్గింది. ఆ సంతోషంతోనే రాస్తున్నాను, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మాది పర్లాకిమిడి. అమ్మకి 62 ఏళ్లు. మొదట నడుం నొప్పి, తర్వాత నీరసం, రక్తం తక్కువ. మేం చూపించుకునే ఎముకల డాక్టరు ప్రతిసారీ కాల్షియం మాత్రలు రాసి, నొప్పికి ఇంజక్షను చేసి పంపేవాడు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) పెరిగిందని రిపోర్టు చూపించాను. తలెత్తకుండానే "ఫోన్‌లో చదివొచ్చి నాకు పాఠం చెప్తావా?" అని అందరి ముందూ అన్నాడు. వరండా నిండా పేషెంట్లు, అందరూ నన్నే చూశారు. నిలబడలేని అమ్మే నా చెయ్యి పట్టుకుని "పద నాయనా, పెద్దాయన్ని ఏమీ అనకు" అంది. ఆ మరుసటి వారం కూడా అదే ఇంజక్షను. మైలోమాలో కిడ్నీలకి ముందే ప్రమాదం, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాటిని ఇంకా పాడుచేస్తాయని విశాఖ వెళ్లాకే తెలిసింది. డాక్టరుకి జబ్బు తట్టకపోవచ్చు, అది క్షమిస్తాను. అడిగినవాణ్ణి నలుగురిలో కించపరచడం క్షమించను.

పెద్దవాళ్లకి తగ్గని నడుం నొప్పి, రక్తహీనత, పెరిగిన క్రియాటినిన్ కలిసి కనిపిస్తే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ రాయమని పట్టుబట్టండి. ఎం ప్రోటీన్ని పట్టే రక్తపరీక్షే అది.

విశాఖలో ఎముక మూలుగ పరీక్ష, స్కాన్ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆ రాష్ట్రం వాళ్లకే, మన ఒడిశా కార్డు ఏ ఆసుపత్రిలో నడుస్తుందో బయల్దేరే ముందే కనుక్కోండి.

అమ్మకి ఇస్తున్న మందులు ఇవి: వారానికోసారి పొట్ట చర్మం కింద బోర్టెజోమిబ్ ఇంజక్షను, 21 రోజులు లెనలిడోమైడ్ మాత్రలు, 7 రోజులు వాటికి విరామం, వారానికోసారి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. డెక్సా వేసుకున్న రాత్రి అమ్మకి నిద్ర ఉండదు, వంటింట్లో డబ్బాలు సర్దుతూ కూర్చుంటుంది. సర్పి రాకుండా ఎసైక్లోవిర్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ కూడా ఇచ్చారు. అరికాళ్లు తిమ్మిరెక్కితే దాచకుండా చెప్పించండి, డోసు మారుస్తారు. ఎముకల బలానికి ఇచ్చే ఇంజక్షనుకి ముందు పళ్ల డాక్టరుకి చూపించండి.

ఎన్నాళ్లని అడిగాను. ఈ మందులు రాకముందు చాలామందికి మూడేళ్ల లోపే అయిపోయేదట. ఇప్పుడు ఐదేళ్లు, పదేళ్లు దాటినవాళ్లు ఉన్నారు. పూర్తిగా నయం కాదు, తిరగబెడుతుంది, అప్పుడు వేరే మందులున్నాయి అని నిజమే చెప్పారు.

ఇక అమ్మ సొంత మూలకణాలు తీసి ట్రాన్స్‌ప్లాంట్ చేస్తామంటున్నారు. ఈ వయసులో ఎందుకని అన్నయ్య అంటున్నాడు. గుండె, కిడ్నీ పరీక్షలకి వచ్చే నెల డేట్ తీసుకున్నాను.