చీర అమ్మ చూసింది, గోడలు నేను చూశాను

పిన్ని కూతురి పెళ్ళికి అమ్మకి పట్టుచీర కావాలి. గుంటూరులో చీరలకేం కరువు లేదు కానీ, విజయవాడ లబ్బీపేట బొటిక్‌లలో చూడాలని ఆవిడ కోరిక. నా సంగతి వేరు. కొత్త ఫ్లాట్‌లోకి దిగి ఎనిమిది నెలలైనా మా హాలు ఇంకా డాక్టరు గారి వెయిటింగ్ రూములాగే ఉంది. బొటిక్‌ల ఫోటోలు ఫోన్‌లో చూసినప్పుడల్లా నాకు చీరల కంటే వాటి వెనకున్న గోడలే నచ్చేవి. సరే, తోడు నేనొస్తానన్నాను.

పొద్దున తొమ్మిదింటికి బస్సెక్కాం. కాజ టోల్‌గేటు దాటి మంగళగిరి కొండ కనబడగానే అమ్మ పానకాలస్వామికి దణ్ణం పెట్టుకుంది. వారధి మీద కాస్త గాలి తగిలింది, అంతలోనే బస్టాండు. ఆటో బేరం గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు, ఎప్పటిలాగే మేమే ఓడిపోయాం.

మొదటి బొటిక్ బందరు రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక సందులో ఉంది. ఒకప్పుడు అది ఎవరో కాపురమున్న ఇల్లే. ఎర్ర సిమెంటు గచ్చు అలాగే ఉంచి పాలిష్ పెట్టించారు. అంత పెద్ద గోడకి ఐదంటే ఐదు చీరలు వేలాడుతున్నాయి. ఒక్కో చీర మీదికి పైనుంచి ఒక్కో లైటు. మిగతా గోడంతా ఖాళీ, సున్నం వేసినట్టు మెరుపు లేని తెలుపు.

"ఇంతేనా అమ్మా స్టాకు?" అంది అమ్మ నిరాశగా.

"లోపల చాలా ఉన్నాయి ఆంటీ, రంగు చెప్తే తెస్తాను," అంది అక్కడి అమ్మాయి.

వాళ్ళు రంగుల్లో పడ్డారు, నేను గోడ పట్టుకున్నాను. ఒక మూల గోడలోనే చిన్న గూడు ఉంది. అందులో ఒకే ఒక్క కొండపల్లి బొమ్మ, అంబారీ ఏనుగు. లైటు పట్టీ గూటి పై అంచు వెనక దాచారు, వెలుగు కనిపిస్తుంది గానీ బల్బు కనిపించదు. దగ్గరికెళ్ళి చూస్తే ఏనుగు చెవి దగ్గర కుంచె గీత కొంచెం వణికింది. తెల్ల పొణికి కర్రతో చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, పైన రంగులేస్తారని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. ఇదే బొమ్మ మా షోకేసులో కూడా ఉంది. కాకపోతే దాని పక్కన గృహప్రవేశానికి వచ్చిన గడియారాలు మూడు, వినాయకులు నాలుగు, మా అత్తయ్య ఇచ్చిన గాజు హంస, పిల్లవాడి కప్పులు. పాపం, ఏనుగు ఎక్కడుందో మాకే తెలీదు.

తెనాలిలో అమ్మమ్మగారింట్లో ప్రతి గోడకీ ఇలాంటి గూళ్ళుండేవి. ఒక దాంట్లో దీపం, పైన మసి. మిగతావాటిలో తాళంచెవులు, పొడుం డబ్బా. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. ఇప్పుడు మనం కూలగొట్టిన గూటిని డిజైనరు కొత్తగా తవ్వి, దానికి బిల్లేస్తున్నాడు.

"మేడం, మీరేం చూస్తున్నారు?" అని ఆ అమ్మాయి రెండోసారి అడిగేసరికి సిగ్గేసి, మంచినీళ్ళు అడిగాను. నీళ్ళు లోపలున్నాయి. కర్టెన్ పక్కకి తప్పించగానే అసలు సంగతి బయటపడింది. నడుమెత్తు అట్టపెట్టెలు, ఇస్త్రీ బల్ల, హ్యాంగర్ల కుప్ప, స్టూలు మీద టిఫిన్ క్యారియరు, గోడకి నిరుటి కేలెండరు. ముందు గదిలో ఐదు చీరలు అంత అందంగా ఉండటానికి కారణం ఈ గదే. నాకెంత ప్రాణం లేచొచ్చిందో! మా ఇంట్లోనూ సామాను తగ్గించక్కర్లేదు, దాచడానికి ఒక చోటు చూసుకుంటే చాలు. అటక అంతా ఖాళీగానే పడుంది.

రెండో షాపు గురించి ఎక్కువ చెప్పను. ప్లాస్టిక్ పూల గోడ, దాని మీద నియాన్ అక్షరాలు, మధ్యలో ఒక ఉయ్యాల. ఫోటోకి బాగుంటుంది, ఇంట్లో దుమ్ము దులపాల్సింది ఎవరు?

మూడోదాంట్లో పెడన కలంకారీ గుడ్డ ఒకటి ఫ్రేము కట్టి పెట్టారు. శ్రీకాళహస్తిది కలంతో గీసేది, పెడనది చెక్క అచ్చులతో అద్దేది. ఒకచోట అచ్చు కాస్త జరిగి, తీగ పక్కనే దాని నీడలాంటి రెండో గీత పడింది. ఆ ముక్కే ఏరి ఫ్రేము కట్టినవాళ్ళెవరో గానీ మంచి కన్నున్న మనిషి.

అమ్మ అక్కడే ఒక మామిడిపండు రంగు చీర భుజాన వేసుకుని, తిన్నగా వీధి గుమ్మంలోకి నడిచింది. ఎండలో అటూ ఇటూ తిప్పింది. "వద్దమ్మా, ఈ లైట్ల కింద ఏదైనా బాగానే ఉంటుంది," అని తిరిగిచ్చేసింది. ఇంకో గంటకి మెరూన్ తీసుకుంది, అదీ గుమ్మంలో పరీక్ష అయ్యాకే. నేను మాత్రం, చదువుకున్నదాన్ని కదా, అదే షాపులో ఆవపిండి రంగు కుషన్ కవర్లు ఐదింటిని లైట్ల కిందే చూసి కొనేశాను.

తిరుగుప్రయాణంలో మంగళగిరిలో దిగాం. కర్టెన్ల కోసం జరీ అంచున్న నూలు గుడ్డ మీటర్ల లెక్కన తీసుకున్నాను. "పన్నా చాలదమ్మా, రెండేసి ముక్కలు కలిపి కుట్టించుకోండి. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి, లేకపోతే తర్వాత పొట్టిదైపోతుంది," అని కొట్టాయన ముందే చెప్పాడు. అందుకని అర మీటరు ఎక్కువే కోయించాను.

ఇంటికొచ్చి కుషన్లకి కవర్లు తొడిగి చూస్తే సోఫాకి కామెర్లు వచ్చినట్టుంది. మావారు నవ్వు ఆపుకోలేకపోయారు. మర్నాడు కరెంటు సామాన్ల షాపులో అడిగితే అక్కడి కుర్రాడు తేల్చేశాడు. మా హాల్లోది 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు, నీలం కలిసిన తెలుపు. బొటిక్‌లలో ఎక్కువగా 3000 దగ్గర, పసుపు కలిసిన వెలుగు. డబ్బా మీదే రాసి ఉంటుంది, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చదవలేదు. సోఫా పక్కన ఒక స్టాండు, దానికి 3000 బల్బు పెట్టాను. సాయంత్రం ఏడు తర్వాత కవర్లు నేను కొన్న రంగులోనే ఉంటున్నాయి. పగలు మాత్రం కామెర్లే.

షోకేసు ఖాళీ చేసి మూడు అట్టపెట్టెలు అటకెక్కించాం. ఒక అరలో ఏనుగు ఒక్కటే నిలబడింది. హాలు కొంచెం మనుషులుండే ఇల్లులా అనిపిస్తోంది. ఈ ఆదివారం మా అత్తయ్య వస్తున్నారు. గాజు హంస మూడు పెట్టెల్లో ఎందులో ఉందో శనివారం రాత్రిలోగా వెతికి దించాలి.