కోడ్ వచ్చింది సరే, వైరింగ్ బొమ్మ ఏదీ?

మెకానికల్ పంపు డీజిల్ బండ్ల రోజుల్లో నల్లగొండ, మిర్యాలగూడ షెడ్లకు పెద్ద పుస్తకాలతో పని పడేది కాదు. టాపెట్ గ్యాపు, 1-3-4-2 ఫైరింగ్ ఆర్డరు నోటికొస్తే చాలు, మిగతాది మేస్త్రి చెవి చెప్పేది. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక చెవి సరిపోవడం లేదు. బండికి తగిలించే చవక స్కానరు కూడా లోపం కోడ్ చూపిస్తుంది. తంటా అక్కడే మొదలు.

పీ0335 అనే కోడ్ అంటే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ తిరగడాన్ని కనిపెట్టేది) సర్క్యూట్‌లో లోపం. సెన్సర్ పోయిందని కాదు! వరి కోతలప్పుడు మిల్లుల దగ్గర ఆగే బండ్లయితే ముందు ఎలుక కొరికిన వైరు వెతకండి.

ఆ సెన్సర్ మూడు వైర్ల హాల్ రకమైతే (కరెంటు ఇస్తేనే పనిచేసేది) కీ ఆన్ చేసి సప్లై చూడాలి. బండిని బట్టి 5 వోల్టులో, 12 వోల్టులో ఉంటుంది. కనెక్టర్ తీయకుండానే ఎర్త్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. రెండు వైర్ల కాయిల్ సెన్సర్‌కు ఓమ్స్ కొలవాలి, కానీ ఎంత రావాలో ఆ బండి మాన్యువలే చెప్పాలి. హాల్ సెన్సర్‌కు ఓమ్స్ పరీక్ష పనికిరాదు.

యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు (బండిలోని కంప్యూటర్ల మధ్య మాట తెగిందని చెప్పేవి) గుంపుగా వస్తే బ్యాటరీ టెర్మినల్ తీసి, స్కానరు తగిలించే 16 పిన్నుల పోర్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. చాలా బండ్లలో 60 ఓమ్స్ దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ కలిశాయి. గేట్‌వే (పోర్టుకూ లోపలి లైన్లకూ మధ్య ఉండే పెట్టె) ఉన్న బండిలో ఈ కొలత పోర్టు నుంచి గేట్‌వే దాకా ఉన్న లైను సంగతే చెబుతుంది.

ఇక వాట్సాప్‌లో తిరిగే వైరింగ్ బొమ్మలు. బీఎస్-4 బొమ్మ పట్టుకుని బీఎస్-6 బండి మీద పడితే పిన్నులు కలవవు. 5 వోల్టుల లైనుకు 12 ఇచ్చారంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కాలిపోవచ్చు. ఛాసిస్ నంబరు 17 అక్షరాలూ, ఇంజిన్ కోడూ, ఈసీయూ పార్టు నంబరూ సరిపోల్చుకోవాలి. కనెక్టర్ బొమ్మ వైర్ల వైపు నుంచి గీశారా, ముఖం వైపు నుంచా? అది చూడకపోతే కుడి ఎడమవుతుంది.

అసలు మాన్యువల్ బయటి షెడ్లకు అందనివ్వకపోవడం పాత పేచీయే. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటివాళ్లకు దక్కనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. జరిమానా సంగతి అటుంచితే, చాలా షెడ్లకు నేటికీ ఆ వాట్సాప్ బొమ్మలే మాన్యువల్. మాన్యువల్ పేజీ ఫొటో పంపేవాళ్లు మోడలూ సంవత్సరమూ ఉన్న పై అంచు కోసేయకుండా తీయండి.