విశాఖ మీద నలభై నిమిషాల చక్కర్లు, తర్వాత శ్రీకాకుళం

హైదరాబాద్ నుంచి విశాఖకి విమానం, అక్కణ్ణుంచి శ్రీకాకుళానికి కారు. ఎప్పుడూ వెళ్లే దారే. ఈసారి మాత్రం గాల్లో ఓ నలభై నిమిషాలు ఎక్కువ పట్టింది.

దిగడానికి మూడు నాలుగు నిమిషాలుందనగా ఫ్లాపుల (వేగం తగ్గినా విమానం గాల్లో నిలవడానికి రెక్కల వెనక అంచున కిందికి చాచే పలకల) మోటారు మోత మొదలై, మధ్యలోనే ఆగిపోయింది. మాది ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం. అందులో ఫ్లాపులు 10, 15, 20, 35 డిగ్రీల మెట్లుగా దిగుతాయి. మామూలుగా ల్యాండింగుకి చివరి రెండు మెట్లలో ఒకటి కావాలి. నా కిటికీలోంచి చూస్తే 15 దాటినట్టు లేదు. అంతలో ఇంజన్ల హోరు పెరిగింది, ముక్కు పైకి లేచింది, చక్రాలు లోపలికి పోయాయి. సముద్రం మీద చక్కర్లు. పది నిమిషాలకి కెప్టెన్ గొంతు: చిన్న సాంకేతిక సమస్య, చూసుకుని దిగుతాం.

కారెక్కగానే బావమరిది అడిగాడు. "అంతసేపు ఊరికే తిప్పేడేటి బావా?"

ఊరికే కాదు. అలాంటప్పుడు ఒక పైలట్ విమానాన్ని నడపడం తప్ప ఇంకో పని పెట్టుకోడు. రెండో పైలట్ తెరమీద వచ్చిన హెచ్చరిక చదివి చెక్‌లిస్ట్ తీస్తాడు. ఫ్లాప్ 15 డిగ్రీల దగ్గరుంటే వేగం 200 నాట్‌లు (గంటకి సుమారు 370 కిలోమీటర్లు) దాటకూడదు. కుడి ఎడమ ఫ్లాపులు సమానంగా కదలకపోతే రెక్కల చివరనున్న బ్రేకులు వాటంతటవే పడి ఫ్లాపుల్ని ఉన్నచోటే పట్టేస్తాయి, లేకపోతే విమానం ఒక పక్కకి దొర్లిపోతుంది. ఆ బ్రేకులు ఒకసారి పడ్డాయంటే గాల్లో విడిపించలేం, నేలమీద మెకానిక్కే విప్పాలి. కాబట్టి బాగుచేసే మాట లేదు. ఉన్న ఫ్లాపుతోనే ఎక్కడ దిగాలి అన్నదే లెక్క.

"అలాగైతే పెద్ద రన్‌వే ఉంది కదా, హైదరాబాదే పోవచ్చు కదేటి?"

చాలామంది పొరబడేది ఇక్కడే. విశాఖలో కుదరకపోతే మరో ఊరికి వెళ్లడానికని ముందే ఇంధనం వేసుకుంటారు గానీ, ఆ లెక్క ఫ్లాపులు ముడుచుకున్న విమానానిది. చాచిన ఫ్లాపుతో 20,000 అడుగులకి మించి ఎక్కకూడదు. వేగం ఉండదు, గాలి అడ్డు ఎక్కువ, కిలోమీటరుకి తాగే ఇంధనం బాగా పెరుగుతుంది. కాగితం మీద చాలినది దారిలో చాలదు. అలాగని తిరుగుతూ కూర్చోవడమూ ప్రమాదమే. 1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక డీసీ-8 విమానం సిబ్బంది చక్రాల సమస్య చూసుకుంటూ గంటసేపు తిరిగి, ఇంధనం అయిపోయి కూలారు. పదిమంది పోయారు. కాక్‌పిట్‌లో కలిసి నిర్ణయం తీసుకోవడం మీద శిక్షణ ఊపందుకున్నది ఆ తర్వాతే. అందుకే ఇంధనం ఇంతకి పడితే ఏమైనా సరే దిగుడే అని తిరగడానికి ముందే గడువు పెట్టుకుంటారు. ఆఖరి 30 నిమిషాల నిల్వ ముట్టకూడనిది.

మంచి కెప్టెన్ తన మాట ముందు చెప్పడు. "నువ్వేమంటావు?" అని కోపైలట్‌ని అడుగుతాడు. ముందే చెప్పేస్తే చిన్నవాడు తలూపేస్తాడు మరి.

తర్వాత రన్‌వే లెక్క. ఫ్లాప్ తగ్గితే దిగే వేగం పెరుగుతుంది. 135 నాట్‌ల బదులు 150 అయితే వేగంలో తేడా పదకొండు శాతమే, కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 23 శాతం ఎక్కువ. బరువు, గాలి, తడి అన్నీ వేసి వచ్చిన దూరానికి మరో 15 శాతం కలుపుతారు. విశాఖ రన్‌వే మూడు కిలోమీటర్లు, ఆ రోజు పొడిగా ఉంది. చాలు. నేల దగ్గరయ్యాక "ఫ్లాపులు చాలవు" అని అరిచే అలారాన్ని ముందే ఆపాలి, లేకపోతే సరిగ్గా దిగే వేళ అది చెవిలో మోగుతుంది. క్యాబిన్ సిబ్బందికి నాలుగే ముక్కలు: ఏం జరిగింది, ఏం చేస్తాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా ఏం చెయ్యాలి. ఇవన్నీ కలిస్తే నలభై నిమిషాలు ఎక్కువేం కాదు. ప్రయాణికులకి మాత్రం ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉండాల్సింది. నా పక్కావిడ అరసవల్లి సూర్యనారాయణుడికి మొక్కుకుంటూనే ఉంది.

ముక్కు కాస్త ఎత్తుగా, వేగంగా దిగాం. ఫైరింజన్లు వెంట వచ్చాయి. మంటలని కాదు, బ్రేకులు కాలి ఉంటాయని. మరీ వేడెక్కితే చక్రంలోని ప్లగ్ కరిగి గాలి వదిలేస్తుంది, టైరు పేలకుండా. మాకు అంతదాకా రాలేదు. పావుగంట ఆగి దింపారు.

భోగాపురం దాటుతుంటే బావమరిది కొత్త విమానాశ్రయం వైపు చూపించాడు. అక్కడి రన్‌వే 3.8 కిలోమీటర్లు.

"ఇక్కడైతే బ్రేకులు ఇంత కాలవు కదా బావా?"

కాలవు. ఇంధనం లెక్క మాత్రం అదే. రణస్థలంలో టీకి ఆగాం.